మా హౌజుకు తగిన పంపు దొరికేదాకా

మా ఇల్లు హైదరాబాదు వనస్థలిపురంలో. వాకిట్లో జామచెట్టు పక్కన మా మామగారు కట్టించిన సిమెంటు హౌజు ఒకటుంది. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. నల్లా ఎప్పుడొస్తే అప్పుడు నింపుకునే రోజుల్లో ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. 2004లో కృష్ణా నీళ్ళు సిటీకి వచ్చాయి. ఆ తరవాత మేమూ సంపు కట్టించుకున్నాం. ఇక హౌజులోకి విరిగిన కుర్చీలు, పగిలిన పూలకుండీలు చేరాయి.

2023 జనవరిలో ఆ చెత్తంతా తీయించాను. పగలగొట్టించి కారు పెట్టుకుందామని మా ఆయన. చేపలు, కలువలు వేసి, ఒక మూల రాళ్ళు పేర్చి, వాటి మీదుగా నీళ్ళు జారేలా చేద్దామని నేను. ఆఖరికి నా మాటే నెగ్గింది. గోడలకు వాటర్‌ప్రూఫింగ్ పూయించి, వారం పాటు నీళ్ళు నింపుతూ తీస్తూ సిమెంటు ఘాటు పోగొట్టి, మూలన రాళ్ళు పేర్పించి, పైన షాబాదు బండ ముక్క ఒకటి పెట్టించాను. బండ అంచు పది అంగుళాల వెడల్పు. అక్కడి దాకా అంతా సాఫీగానే నడిచింది. ఇంక పంపు ఒక్కటే కదా, అది ఎంతసేపు అనుకున్నాను.

అది తేలడానికి మూడు నెలలు పట్టింది.

మొదటి పంపు వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో కొన్న కూలర్ పంపు. 350 రూపాయలు. డబ్బా మీద గంటకు 1100 లీటర్లు అనీ, ఎత్తు 1.85 మీటర్లు అనీ ఉంది. నా లెక్క నేను వేసుకున్నాను. బండ దాకా మూడున్నర అడుగులు, అంటే మీటరుకు కాస్త ఎక్కువ. ఈ పంపు మీటరున్నర పైన కూడా ఎక్కిస్తానంటోంది. గంటకు 1100 లీటర్లంటే యాభై బిందెల పైమాట. ఇంకేం కావాలి?

ఇంటికి తెచ్చి స్విచ్ వేశాను. బండ తడిసింది, అంతే. అంచు నుంచి ఒక సన్నటి ధార, అదీ రాయిని అంటుకుని లోపలి వైపుకే జారిపోతోంది. బయట నిలబడితే నీళ్ళ చప్పుడే లేదు. మా ఆయన వరండాలో కూర్చుని, "జలపాతం ఎప్పుడు మొదలవుతుందోయ్?" అని అడిగారు. ఉక్రోషంతో ధార కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూశాను. నిండడానికి ఐదు నిమిషాలు. గంటకు 240 లీటర్లన్నమాట. డబ్బా మీది 1100లో తక్కిన 860 ఎక్కడికి పోయాయి?

షాపతను మోసం చేశాడని చాలా రోజులు తిట్టుకున్నాను. పాపం, అతని తప్పేం లేదు. ఆ డబ్బా మీది రెండు అంకెలూ నిజమే, కాకపోతే రెండూ ఒకేసారి నిజం కావు. 1100 లీటర్లు అనేది పైపు అసలు పైకి ఎక్కకుండా, నీళ్ళ మట్టం దగ్గరే వదిలినప్పుడు వచ్చేది. 1.85 మీటర్లు అనేది ఆ ఎత్తుకు చేరేసరికి నీళ్ళు పైపులోనే నిలబడిపోయి ఒక్క చుక్కా బయటికి రాని చోటు. మన పని ఎప్పుడూ ఈ రెండింటి మధ్యన ఉంటుంది. ఎత్తు పెరిగినకొద్దీ నీళ్ళు తగ్గుతూ పోతాయి. డబ్బా మీది అంకెలు పెళ్ళిచూపులకు పంపే బయోడేటా లాంటివి. అబద్ధం ఉండదు, కానీ కాపురానికి పనికొచ్చే విషయం కూడా అందులో ఉండదు.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. "పంపు చిన్నదైపోయింది, పెద్దది కావాలి" అన్న ఒక్క ముక్కే అర్థమైంది. ఒక ఆదివారం... కాదు, ఆదివారం షాపులుండవని మా ఆయన ఆపితే సోమవారం రాణిగంజ్ వెళ్ళాను. పంపులు, పైపులు, వాల్వులు అంటే మన ఊళ్ళో అందరూ చూపించే దారి అదే కదా. నాలుగు షాపులు తిరిగాను. నలుగురూ అడిగింది ఒకటే, "ఎంత హెచ్‌పీ గావాలమ్మా?" నాకేం తెలుసు ఎంత హెచ్‌పీ కావాలో? అది తెలుసుకుందామనే కదా వచ్చింది! హౌజు కొలతలు చెబితే ఒకాయన అర హెచ్‌పీ అన్నాడు, ఇంకొకాయన ఒకటి పెట్టేయండి, టెన్షన్ ఉండదన్నాడు. నీళ్ళు ఎంత ఎత్తుకు ఎక్కాలి, రోజుకు ఎన్ని గంటలు నడపాలి, లోపల చేపలున్నాయా అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళకు రోజూ వచ్చేది సంపు నుంచి మూడో అంతస్తు ట్యాంకుకు నీళ్ళు ఎక్కించుకునేవాళ్ళు. హౌజులో నీళ్ళు హౌజులోనే పడాలనే మనిషి వాళ్ళ లెక్కలోకి రాదు.

ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. ఈ సంగతి విన్న మా ప్లంబర్, "నా దగ్గర ఒకటి ఉంది మేడమ్, అర హెచ్‌పీది, వేరే సైటులో తీసేసింది. పెట్టి చూద్దాం, బాగుంటే డబ్బులు ఇయ్యుర్రి" అన్నాడు. పాతదైనా మంచి కంపెనీది, పైగా నచ్చితేనే డబ్బులు. సరేనన్నాను.

స్విచ్ వేయగానే బండ మీంచి నీళ్ళు ఒక్క ఉదుటున ఎగిరి జామచెట్టు మొదట్లో పడ్డాయి. వీధిలో పైపు పగిలితే ఎలా ఉంటుందో అలా. పది నిమిషాల్లో వాకిలంతా తడి, హౌజులో జానెడు మట్టం తగ్గింది. ప్లంబర్ ఒక వాల్వు తెచ్చి బిగించి, ముప్పాతిక మూసి, "ఇప్పుడు చూడుర్రి" అన్నాడు. నిజమే, చూడ్డానికి బాగుంది. బండ నిండా నీళ్ళు, వరండా దాకా చప్పుడు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు నడిపేదాన్ని. చుట్టుపక్కల పిల్లలొచ్చి చూసేవాళ్ళు. ఓ ఇరవై రోజులు నాకు పట్టపగ్గాల్లేవు.

తరవాత కరెంటు బిల్లు వచ్చింది. మామూలుగా మాకు ఆ నెలలో 240 యూనిట్ల దాకా అవుతుంది. ఈసారి 350 దగ్గరికి వెళ్ళింది. అర హెచ్‌పీ అంటే 370 వాట్లేగా అనుకున్నాను. అది మోటారు ఇరుసు దగ్గర తేలే బలం, మీటరు నుంచి లాగేది అంతకంటే ఎక్కువ. పాత మోటారు కదా, మాది 600 వాట్ల దాకా తింటోంది. రోజుకు ఆరు గంటలంటే మూడున్నర యూనిట్ల పైన, నెలకు నూటపది. అందులోనూ అప్పట్లో మాకు 200 దాటాక 300 దాకా యూనిట్ 7.70 రూపాయలు, అది దాటితే 9. దాదాపు 900 రూపాయలు ఒక్క జలపాతానికి! వాల్వు మూసి నీళ్ళు తగ్గించాం గానీ కరెంటు ఆ లెక్కన తగ్గదట. కారు ఆక్సిలరేటర్ తొక్కిపట్టి బ్రేకు మీద కాలేసినట్టే.

బిల్లు ఒక్కటే అయితే సర్దుకునేదాన్నేమో. ఒకరోజు పొద్దున చూస్తే నీళ్ళ మీద రంగురంగుల పొర. వానలో రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే ఇంద్రధనుస్సులా విచ్చుకుంటుందే, అచ్చం అలాగే. చేతికి జిడ్డుగా తగిలింది. అది లోపల నూనె నింపి ఉండే రకం మోటారట. సీలు పాతబడి నూనె కారింది. ట్యాంకుకు నీళ్ళు ఎక్కించుకునేవాళ్ళకే అది మంచిది కాదు, ఇక చేపల సంగతి చెప్పేదేముంది. హౌజులో అప్పటికే వదిలిన ఆరు కోయి (రంగురంగుల పెద్ద చేప) పిల్లల్లో నాలుగు మధ్యాహ్నానికి పోయాయి. చిన్న చేపలు, గప్పీలు, ఎన్ని పోయాయో లెక్క తెలియదు. మిగిలిన వాటిని ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, హౌజు ఖాళీ చేయించి, రెండుసార్లు రుద్ది కడిగించాను. ప్లంబర్ మాట్లాడకుండా పంపు పట్టుకెళ్ళాడు, డబ్బులు అడగలేదు. అతన్ని అనడానికీ నాకు నోరు రాలేదు. చేపలున్న నీళ్ళలో దింపే పంపులో నూనె ఉండకూడదన్న సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు.

హౌజు మళ్ళీ నింపి, నల్లా నీళ్ళలో క్లోరిన్ పోవడానికి రెండు రోజులు ఊరికే వదిలేశాను. ఈ మధ్యలోనే మా ఆడపడుచు వచ్చి, నిలవ నీళ్ళు చూసి, "వదినా, చేపలు పెంచుతున్నావా, డెంగీ దోమల్నా?" అంది. ఆ మాటతో రాత్రి నిద్ర పట్టలేదు. గప్పీలు దోమపిల్లల్ని తినేస్తాయి, నీళ్ళు కదులుతుంటే దోమ గుడ్లు పెట్టడమూ తక్కువే. అంటే పంపు ఇప్పుడు నా సరదా మాత్రమే కాదు, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం కూడా.

అప్పుడు వెళ్ళాను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చేపల షాపుకు. పోయిన కోయి చేపల బదులు వేరేవి కొందామని వెళ్ళి, మాటల్లో పంపు గోల చెప్పాను. గల్లాపెట్టె దగ్గరున్న కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. హెచ్‌పీ మాట ఎత్తకుండా, "నీళ్ళ మీదికెల్లి బండ దాకా ఎంత ఎత్తుంటది ఆంటీ?" అన్నాడు.

మూడు నెలల్లో ఆ ప్రశ్న విన్నది అదే మొదటిసారి.

పంపు అడుగున ఉంటుంది కదా అని నీళ్ళ లోతు కూడా కలిపి ఆరడుగులు చెప్పాను. నవ్వాడు. "అడుగుకెల్లి గాదు. పైపు నీళ్ళల్ల ముంచితే పంపు వెయ్యకున్నా నీళ్ళు హౌజు మట్టం దాకా వాటికవే నిలుస్తయి గదా. పంపు ఎక్కించాల్సింది ఆపైనదే." ఎంత చిన్న విషయం! చిన్నప్పుడు స్ట్రా కొబ్బరిబొండంలో పెట్టినప్పుడల్లా చూసిందే. అంటే మాది మూడున్నర అడుగులే. కానీ అక్కడితో ఆపలేదు అతను. పైపు ఎంత పొడవు, ఎన్ని మలుపులు అని అడిగాడు. పైపు పన్నెండడుగులు, మూడు ఎల్బోలు. పదడుగుల పైపుకు ఒక అడుగు ఎత్తు చొప్పున కలుపుకోవాలని, ఎల్బోలకు ఇంకొంచెం వేసుకోవాలని చెప్పాడు. నీళ్ళు పైపు గోడల్ని రాసుకుంటూ పోతాయి కాబట్టి ఆ బలం కూడా పంపు మీదే పడుతుంది. అంతా కలిపి ఐదడుగులు, మీటరున్నర. నా కూలర్ పంపు 1.85 మీటర్ల దగ్గర చేతులెత్తేసేది. మీటరున్నర దగ్గర దానికి మిగిలిన శక్తి ఎంతని!

తరవాత ఎన్ని నీళ్ళు కావాలన్న లెక్క. దీనికి రెండు కొలతలున్నాయి. ఒకటి చేపల కోసం, హౌజు నీళ్ళు గంట రెండు గంటలకోసారైనా మొత్తం తిరగాలి. మాది ఎనిమిది ఇంటూ ఐదు ఇంటూ నీళ్ళ లోతు రెండున్నర, వంద ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, అంటే 2830 లీటర్లు. రెండోది మన కళ్ళ కోసం. బండ అంచు ఒక్కో అంగుళం వెడల్పుకు గంటకు 400 లీటర్లు పడితే పరదాలా నిండుగా ఉంటుంది. అందులో సగమైతే పల్చటి పొర. పది అంగుళాలకు నిండుగా అయితే 4000, పల్చగా అయితే 2000. "వాకిట్ల కూసొని మాట్లాడుకోవాల్నంటే పల్చటిదే మంచిగుంటది" అన్నాడు. ఇరవై రోజులు ఆ జలపాతం హోరులో అరుచుకుంటూ మాట్లాడుకున్నాం కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

పంపు డబ్బాలోంచి ఒక మడత కాగితం తీసి చూపించాడు. వంపు తిరిగిన గీత ఒకటి, అడ్డంగా లీటర్లు, నిలువుగా ఎత్తు. మీటరున్నర దగ్గర వేలు పెట్టి పక్కకు జరిపితే 2000కు కాస్త ఇటుగా తగులుతోంది. డబ్బా మీద మాత్రం 3500 లీటర్లు, 3 మీటర్లు అని ఉంది. 60 వాట్లు. లోపల నూనె లేదు, అయస్కాంతం ఉన్న రోటరు నీళ్ళలోనే తిరుగుతుంది, తీగలన్నీ రెసిన్‌లో పోతపోసి ఉంటాయి. 2800 రూపాయలు. స్పీడు తగ్గించి పెంచుకునేది కూడా ఉంది గానీ ధర రెట్టింపు. వద్దన్నాను. ఇప్పుడనిపిస్తుంటుంది, అది తీసుకోవాల్సిందేమోనని.

పంపు పెద్దదైనంత మాత్రాన సరిపోదని, పైపు కూడా మార్చమని చెప్పి పంపాడు. కూలర్ పంపుకు నేను వాడింది అరంగుళం పైపు. అంగుళం పైపులో దారి దానికి నాలుగింతలు. ఎల్బోలు తీసేసి, వంగే గొట్టాన్నే గుండ్రంగా తిప్పి బండ వెనక నుంచి ఎక్కించాను. ఈసారి ప్లంబర్‌ను పిలవలేదు. పంపును అడుగున కాకుండా రెండు ఇటుకల మీద పెట్టి, చుట్టూ ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, జాలి కట్టాను. అడుగునే పెడితే బురదా, జామాకులూ నేరుగా లోపలికే వెళ్తాయి.

బకెట్ పెట్టి చూస్తే 38 సెకన్లు. గంటకు దాదాపు 1900 లీటర్లు. కాగితం మీది గీత చెప్పినంతే వచ్చింది! నీళ్ళ పొర పల్చగా, అంచు పొడుగునా సమంగా పడుతోంది. సాయంత్రం ఎండ అందులోంచి కనిపించింది. మా ఆయన ఏమీ అనలేదు, కుర్చీ మాత్రం హౌజు వైపు తిప్పుకుని కూర్చున్నారు.

కరెంటు సంగతిలో మాత్రం ఈసారి ఎవరి మాటా వినలేదు. పంపు తీగ పొట్టిది, అతుకు వేసి నీళ్ళ పక్కనే వదిలేద్దామన్నాడు ఎలక్ట్రీషియన్. కుదరదన్నాను. ప్లగ్గు పాయింటే హౌజు దగ్గరికి తెప్పించి, గోడ మీద ఎత్తున మూత ఉన్న పెట్టెలో పెట్టించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాను. కరెంటు అంతమాత్రం నీళ్ళలోకి కారినా అది వెంటనే పడిపోయి లైను ఆపేస్తుంది. అంత ఉన్నా సరే, స్విచ్ తీసి ప్లగ్గు పీకాకే నీళ్ళలో చెయ్యి పెడతాను. మనవడికి కూడా మొదట నేర్పింది అదే.

అయిపోయిందనుకున్నానా, మే నెల వచ్చింది. రాత్రి పదింటికి పంపు ఆపేసేదాన్ని, పక్కింటివాళ్ళ నిద్ర సంగతి కూడా చూడాలి కదా. తెల్లవారి ఐదింటికి లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. పైగా రాత్రంతా కలువ మొక్కలు, నాచు కూడా దాన్నే పీల్చుకుంటాయి. తెల్లవారుజామున అడుగంటుతుంది. పగలు ఎంత జలపాతం నడిపినా రాత్రి ఆపితే ప్రయోజనం లేదు. మరి రాత్రంతా నడిపితే చప్పుడు.

స్టోరు రూములో ఏదో వెతుకుతుంటే కూలర్ పంపు కనిపించింది. దాన్ని తెచ్చి, నీళ్ళ మట్టానికి రెండంగుళాల కింద గోడకు కట్టి, మూతి పైకి తిప్పి పెట్టాను. ఎత్తు లేదు, పైపు లేదు. ఇప్పుడు ఆ 1100 లీటర్లూ నిజంగానే వస్తున్నట్టున్నాయి, నీళ్ళ మీద బుగ్గలా ఉబికి రాత్రంతా అలలు వేస్తుంది. చప్పుడు లేదు. 18 వాట్లు. ఇన్వర్టర్ లైను మీద వేసింది కూడా దాన్నే, కరెంటు పోయినా చేపలకు ఇబ్బంది లేదు. మర్నాడు పొద్దున చేపలు కిందే ఉన్నాయి.

కలువల కథ వేరే ఉంది గానీ క్లుప్తంగా చెబుతాను. వాటికి కదిలే నీళ్ళు పడవు, ఆకుల మీద తుంపర్లు పడితే అసలే పడవు. కుండీలను ఎదుటి మూలకు జరిపి, మధ్యలో నీళ్ళలో ఒక వరస ఇటుకలు అడ్డం పెట్టాను. ఆగస్టులో మొదటి పువ్వు పూసింది.

అక్టోబరులో ధార మళ్ళీ సన్నబడింది. బకెట్ పెడితే 65 సెకన్లు. పంపు పోయిందేమోనని గుండె గుభేలుమంది. ముందు మూత తిప్పి లోపలి ఫ్యాను బయటికి లాగితే దాని రెక్కల మీద, ఇరుసు మీద తెల్లగా సున్నంలా పేరుకుని ఉంది. వేసవిలో ఎండకు రోజుకు అరంగుళం దాకా నీళ్ళు ఆవిరైపోతుంటే నేను బోరు నీళ్ళతో నింపుతూ వచ్చాను. మా బోరు నీళ్ళు ఎంత కఠినమో ఇంట్లో గీజరును అడిగితే చెబుతుంది. నీళ్ళు ఆవిరవుతాయి, సున్నం మిగిలిపోతుంది. ఫ్యానును గిన్నెలో వెనిగర్ పోసి రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదిలింది. మళ్ళీ 39 సెకన్లకు వచ్చింది. ఆ ఫ్యాను, ఇరుసు విడిగా దొరుకుతాయా అని కొనేటప్పుడే అడగాల్సింది, నేను అడగలేదు. నా అదృష్టం కొద్దీ ఆ కుర్రాడి దగ్గర ఉన్నాయి, ఒక జత తెచ్చి పెట్టుకున్నాను.

ఇప్పుడు వానాకాలంలో ఇంటి మీద పడ్డ నీళ్ళనే డ్రమ్ముల్లో పట్టి హౌజులో పోస్తున్నాను. నెలకోసారి బకెట్ పెట్టి, వంటింటి క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కన సెకన్లు రాస్తాను. మొన్నటిది 41. యాభై దాటితే విప్పి కడుగుతాను.